సముద్రం ఎవడబ్బ సొత్తు?

నీళ్లు - కులం : ఆరో భాగం



ఆగస్టు 9, 10 తేదీల్లో నలుగురు మిత్రులం కర్నూలు నుంచి కారు మాట్లాడుకుని మహాబలిపురం పోయి వచ్చాం. 2025 ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్ అక్కడ జరిగింది. ఆ పోటీ మన దేశంలో జరగడం ఇదే మొదటిసారి. సముద్రం ముందు నలుగురం నిలబడి తీసుకున్న ఒక ఫోటో ఇక్కడ పెట్టాను. దాని కింద వచ్చిన కామెంట్లలో రెండింటికి ఈ భాగంలో జవాబు చెప్పాలి. అందుకని కేసీ కాలువ మీద రాస్తానన్నది వచ్చే భాగానికి జరుపుతున్నాను.

మొదటి కామెంట్ పేరు చివర తోక ఉన్న ఒక పెద్దమనిషిది. "కరువు సీమోళ్లకు సర్ఫింగ్ కావాల్సి వచ్చిందా? రిజర్వేషన్ జీతాలు అలల మీద బాగానే తేలుతున్నాయే" అన్నాడు. కింద పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు.

రెండోది మనవాడిదే. నాతో కలిసి ధర్నాల్లో గొంతు చించుకున్నవాడు. "చుండూరు అమరుల వారంలో విహారయాత్రా అన్నా? వాడల్లో తాగే నీళ్లకు దిక్కులేదు, మీకు అలలు కావాల్సి వచ్చాయా?" అని అడిగాడు.

మొదటివాడు తిట్టాడు, రెండోవాడు బాధపడ్డాడు. ఆ తేడా నాకు తెలుసు. కానీ లెక్క తీస్తే ఇద్దరూ ఒకే చోటికి వచ్చి ఆగారు. మొదటివాడి లెక్కలో దళితుడు చాకిరీ చేస్తూ కనపడాలి. రెండోవాడి లెక్కలో దళితుడు ఏడుస్తూనో, జెండా పట్టుకునో కనపడాలి. ఊరికే సముద్రం వైపు చూస్తూ నిలబడ్డ దళితుడు ఇద్దరికీ అర్థం కాలేదు. ఈ వ్యాసం ఆ నిలబడే హక్కు గురించి.

తోక ఉన్న పెద్దమనిషికి ముందు చెప్పేస్తాను. అయ్యా, రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు ఒకసారి తీసి చదవండి. కులం పేరుతో ఏ పౌరుడినీ ఎక్కడెక్కడ అడ్డుకోకూడదో అక్కడ ఒక జాబితా ఉంది. దుకాణాలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాలు. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం చేరే చోట్లు. ఈ జాబితాను నేను ప్రతి ఏటా మొదటి సంవత్సరం పిల్లలకు పాఠం పక్కనపెట్టి చదివి వినిపిస్తాను. తాగే నీళ్ల బావితో పాటు స్నానఘట్టాన్నీ వినోద స్థలాన్నీ అందులో ఎందుకు రాశారని అడుగుతాను. కులం మనిషిని ఆకలి దగ్గర ఒక్కచోటే కొట్టదు, సంతోషం దగ్గర కూడా కొడుతుందని తెలిసినవాళ్లు రాసిన జాబితా అది. మేం పోయింది రోడ్డు మీద. టిఫిన్ తిన్నది హోటల్లో. నిలబడింది జనం చేరే చోట. మా రెండు రోజుల ప్రయాణం మొత్తం ఆ ఒక్క క్లాజులో పడుతుంది.

ఇంకా చాలకపోతే 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ చూడండి. దళితులను నదిలో, చెరువులో, కుళాయి దగ్గర, స్నానఘట్టంలో అడ్డుకోవడం నేరం అని అందులో విడమరిచి రాశారు. దాని పక్కనే సైకిల్, మోటార్ సైకిల్ ఎక్కనివ్వకపోవడం, చెప్పులు వేసుకోనివ్వకపోవడం, కొత్త బట్టలు కట్టుకోనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపు తీయనివ్వకపోవడం కూడా నేరాలుగా చేర్చారు. ఏ దేశంలోనైనా కొత్త చొక్కా వేసుకోవడాన్ని కాపాడటానికి ఒక చట్టం కావాలా? ఇక్కడ కావాల్సి వచ్చింది. మన కూలి తగ్గించినవాడే మన చొక్కా చూసి కూడా మండిపడతాడు కాబట్టి కావాల్సి వచ్చింది.

ఇక తమ్ముడి ప్రశ్నకు వస్తాను. అది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు.

చుండూరు అమరుల వారం అన్నావు. చుండూరు ఎక్కడ మొదలైంది తమ్ముడూ? 1991 జులైలో ఒక సినిమా హాల్లో మొదలైంది. చదువుకున్న మనవాడొకడు సినిమా చూడటానికి పోయాడు. అతని కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకులస్థుడికి తగిలింది. అక్కడి నుంచి గొడవ, సాంఘిక బహిష్కరణ, చివరికి ఆగస్టు 6. ఎనిమిది మందిని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ కథ మనందరికీ తెలుసు. కానీ మనం దాన్ని చెప్పేటప్పుడు సినిమా హాలును ఒక చిన్న సాకుగా చెప్పి దాటేస్తాం. నా దృష్టిలో అది సాకు కాదు. మాలపల్లె కుర్రాడు టికెట్టు కొనుక్కుని, కాళ్లు చాపుకుని, తనకు నచ్చిన బొమ్మ చూస్తూ కూర్చోవడమే వాళ్లకు కంట్లో నలుసైంది. పొలంలో వంగి ఉన్నవాడు సీట్లో వెనక్కి వాలి కూర్చున్నాడు, వాళ్లకు అది చాలింది. అలాంటప్పుడు చుండూరు వారంలో మనం ఎక్కడా సంతోషంగా కూర్చోకూడదంటే వాళ్లు పెట్టిన నియమాన్నే మనం పాటించినట్టు.

కారంచేడూ అంతే. 1985 జులైలో అక్కడి మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర గొడ్లు కడిగి నీళ్లు మురికి చేస్తుంటే మున్నంగి సువార్తమ్మ అడ్డంపడింది. తనను కొట్టబోతే చేతిలోని బిందె ఎత్తింది. మరుసటి రోజు, జులై 17న, ఆరుగురిని చంపారు. ఆ ఊరికి చీరాల సముద్రం ఎంతో దూరం లేదు. కొన్ని మైళ్ల అవతల ఎవరూ కొలవలేనంత నీళ్లు, ఇక్కడ ఒక బిందె నీళ్ల కోసం ఆరు ప్రాణాలు. కరువు వల్ల జరిగిందా ఇది? నీళ్ల కొరత వేరు, నీళ్ల మీద పెత్తనం వేరు.

ఉద్యమంలో ఉన్నవాళ్లు విహారయాత్రకు పోవచ్చా అంటే, బాబాసాహెబ్ పోయారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1934. పూనా ఒప్పందం జరిగి రెండేళ్లు. యేవలా ప్రకటనకు ఇంకా ఏడాది ఉంది. అంత పని మధ్యలో తోటి కార్యకర్తలు ఎక్కడికైనా చూడటానికి పోదాం, మీరూ రండి అంటే సరే అన్నారు. వేరూల్ బౌద్ధ గుహలు చూడాలనుకున్నారు. సుమారు ముప్పై మంది బయల్దేరారు. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. అది అప్పుడు నిజాం రాజ్యం. ప్రయాణంలో ఒళ్లంతా దుమ్ము. గేటు దగ్గరున్న చిన్న నీళ్ల తొట్టిలో కొందరు ముఖం, కాళ్లు కడుక్కున్నారు. అంటరానివాళ్లు నీళ్లు మైల చేశారని ఒక ముసలాయన కేకలేస్తూ వచ్చాడు, జనం పోగయ్యారు, బూతులు తిట్టారు. చివరికి కోటలోకి రానిచ్చారు గానీ, లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోకుండా చూడటానికి ఒక సాయుధ సైనికుణ్ణి వెంట పంపారు.

నీళ్లు ముట్టుకుంటారేమోనని తుపాకీ కాపలా! ఆ పుస్తకంలో మొదటి కథ కూడా ప్రయాణమే. 1901లో పిల్లాడు భీమ్, అన్నతో, అక్క కొడుకుతో కలిసి నాన్న దగ్గరికి బయల్దేరాడు. కొత్త బట్టలు, జరీ టోపీలు, రైలు ఎక్కుతున్నామన్న సంబరం. మసూర్ స్టేషన్లో దిగాక కులం బయటపడింది. రాత్రంతా ఎడ్లబండి మీద, తినడానికి తిండి ఉండి, తాగడానికి చుక్క నీరు లేక ఆ పిల్లలు ఆకలితో పడుకున్నారు. రెండు కథల్లోనూ బయల్దేరింది సంతోషం కోసం. రెండింటిలోనూ దెబ్బ పడింది నీళ్ల దగ్గర. దీన్ని చదివి "విహారయాత్రలు మనకెందుకు" అనుకుంటే బాబాసాహెబ్‌ను తలకిందులుగా చదివినట్టు. మహాడ్‌లో 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్లు తాగిన పోరాటం గురించి కూడా ఆయన తర్వాత ఇదే చెప్పారు. ఆ నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని మనం అక్కడికి పోలేదు, మనమూ మనుషులమేనని స్థాపించడానికి పోయాం. దప్పిక ఒక్కటే కారణం అయితే ఇంకో గుంట దొరికేది.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాబట్టి ఒక మాట. తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా పేరున్న 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా ఉత్తరానికి పోయాడు. మా కారు దాదాపు అదే దారిలో ఎదురు దిశలో పోయింది. ఆయన పల్లకిలో పోయాడు, వెంట పెద్ద పరివారం. గొప్ప పుస్తకం, నేను పాఠం చెప్తాను. కానీ పల్లకిలో కూర్చున్నవాడు యాత్రికుడయ్యాడు. అదే దారి అంతా కాళ్లతో కొలిచిన బోయీలు యాత్రికులు కాలేదు. నూటపదేళ్ల తర్వాత, 1941లో, జాషువా 'గబ్బిలం' వచ్చింది. అందులో మనవాడు కాశీకి పోడు. పోలేడు. తన బదులు గబ్బిలాన్ని పంపుతాడు, ఎందుకంటే దానికి గుళ్లోకి దారి ఉంది, అతనికి లేదు. కాళ్లున్న మనిషి రెక్కలున్న జంతువును బతిమాలుకోవాల్సి వచ్చిన సాహిత్యం మనది. ఇప్పుడు మన పిల్లలు సొంతంగా దారి పట్టి, తిరిగొచ్చి, చూసింది రాస్తే, దాన్ని షోకు అంటారా?

దారి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ దారంతా నీళ్ల చరిత్రే. మా నలుగురిలో ఒక లైన్‌మన్, ఒక వకీలు, ఒక పరిశోధక విద్యార్థి, నేను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప. ఈ దారిలో చాలా దూరం కేసీ కాలువ మనకు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్విన కాలువ, పంటకూ పడవలకూ కలిపి. కాలువ గట్టున మన వాడలున్నాయి. కాలువ కింద మన పొలాలు ఏవీ? అది వచ్చే భాగంలో మాట్లాడుకుందాం. కడప దాటి రాజంపేట దారిలో నందలూరు దగ్గర చెయ్యేరు వచ్చింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లను ముంచేసింది ఈ నది మీదే. వంతెన మీద లైన్‌మన్ మిత్రుడు ఒకటే మాట అన్నాడు. "సీమకు నీళ్లు రావు, వస్తే ముంచేకే వస్తాయన్నా."

అప్పుడు కారులో ఒక ప్రశ్న లేచింది. మనలో ఎవరికి ఈత వచ్చు? నలుగురిలో ఒక్కరికీ రాదు. ముప్పైల్లో ఉన్న నలుగురు మగవాళ్లం, చదువుకున్నవాళ్లం. ఎందుకు రాదు? సీమలో నీళ్లు లేక, అంటారు. మరి మా ఊరి రెడ్ల పిల్లలకు ఎలా వచ్చింది? వాళ్ల మోటబావిలో, వీపుకు సొరబుర్ర కట్టుకుని, ఎండాకాలం సెలవుల్లో నేర్చుకున్నారు. ఆ బావి తవ్వింది మన తాతలు. పూడిక తీసింది మన నాయనలు. పూడిక తీసేటప్పుడు దిగొచ్చు, మైల అంటదు. ఈతకు దిగితే అంటుతుంది. మా నాయన ఆ బావిలో నడుము లోతు బురదలో పని చేశాడు, అందులో ఒక్కసారి కూడా ఈదలేదు. నాకు ఈత రాకపోవడం వాన లెక్కల్లో దొరకదు, ఆ బావి మెట్ల దగ్గర దొరుకుతుంది.

ప్రతి ఎండాకాలం జిల్లా పేజీ తెరవండి. కుంటలో, కాలువలో, రాళ్లు తీసి వదిలేసిన క్వారీ గుంతలో మునిగిపోయిన పిల్లల వార్తలు కనపడతాయి. "సరదా ప్రాణం తీసింది" అని శీర్షిక పెడతారు. సరదా ప్రాణం తీయదు. నేర్పేవాడు, కాపలా ఉండేవాడు, శుభ్రమైన నీళ్లున్న చోటు లేకపోవడం ప్రాణం తీస్తుంది. ఆ మూడూ ఎవరి పిల్లలకు ఉన్నాయో, ఎవరి పిల్లలకు లేవో చూడండి.

పోటీ చూశాం. సర్ఫింగ్ అంటే పలక మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డేసుకుంటూ లోపలికి పోయి, అల లేచే సమయానికి దాని మీదికి లేచి నిలబడి, అది విరిగేదాకా దాని ఒంటి మీద తిరగడం. ఒక రౌండుకు ఇంత సమయం అని పెడతారు. ఒక్కో అలకు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. ఎన్ని అలలు ఎక్కినా మేలైన రెండింటి మార్కులే లెక్క. వంతు నియమం ఉంది. వంతు ఒకరిదైనప్పుడు ఇంకొకడు ఆ అలకు అడ్డం వస్తే మార్కులు కోసేస్తారు. వంతు ఎవరిదో తేల్చడానికి తాత పేరు అడగరు. ఎవరిని ఎవరని గుర్తుపట్టడానికి ఒక్కొక్కరికీ ఒక రంగు చొక్కా ఇస్తారు. మా వకీలు మిత్రుడు అది చూసి, "రౌండ్ అయిపోతానే ఆ రంగు ఇప్పేస్తారన్నా, మన రంగు ఇప్పేకి రాదు" అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

మేం ఊరికొచ్చిన రెండు రోజులకు, ఆగస్టు 12న, రమేశ్ బుదిహాళ్ కాంస్యం గెలిచాడు. ఆసియా పోటీల్లో విడిగా పతకం గెలిచిన తొలి భారతీయుడు. అతను కేరళ కోవళం తీరంలో నేర్చుకున్నాడు. అక్కడి సర్ఫ్ క్లబ్ 2005లో, బడి మానేసిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థలో మొదలైంది. బడికి రాకపోతే సర్ఫింగ్ లేదు, ఇదే వాళ్ల నియమం. ఇటు చెన్నై దగ్గర ఇంకో కోవళం ఉంది, మహాబలిపురం పోయే దారిలోనే. అక్కడ మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు ముందు తనంతట తాను నేర్చుకుని, తర్వాత తన ఊరి పిల్లలకు నేర్పాడు. 2012లో అది సర్ఫింగ్ బడి అయింది. ఇవాళ దేశంలో పేరున్న సర్ఫర్లలో చాలామంది తమిళ తీరం మత్స్యకార కుటుంబాల పిల్లలే. ఇందులో పాఠం ఏమిటి? ప్రతిభ రక్తంలో లేదు. నీళ్లు ఎవరికి చిన్నప్పటి నుంచి అందుబాటులో ఉన్నాయో వాళ్లలో ప్రతిభ కనపడింది. ఒక పలక, నేర్పే ఒక మనిషి తోడైతే ఆసియా పతకం దాకా పోయింది.

అలాగని సముద్రం దగ్గర కులం లేదని నేను రాయను. అలకు లేదు, గట్టుకు ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సహాయ శిబిరాల్లో దళితులను వేరుపెట్టారు, నీళ్ల ట్యాంకుల దగ్గర అడ్డుకున్నారు. ఇవి హక్కుల సంఘాల నివేదికలకెక్కిన విషయాలు. కుళ్లిన శవాలు ఎత్తడానికి వేరే పట్టణాల నుంచి పారిశుధ్య కార్మికులను, మనవాళ్లను, తెచ్చారు. అల అందరినీ ఒకేలా కొట్టింది. గట్టెక్కగానే కులం మళ్లీ వరసలో నిలబెట్టింది. ఇవాళ్టికీ చెన్నై నుంచి ఆ తీరం రోడ్డు పొడవునా రిసార్టుల గోడలు. ఒక సర్ఫింగ్ పలక ధర మా కాలేజీలో డిగ్రీ పిల్లాడి ఏడాది ఫీజు కంటే ఎక్కువ. అందుకే అంటున్నా, "సముద్రం అందరిదీ" అన్న మాటను కవిత్వంలా అనడం మానేసి, ఒక డిమాండ్‌లా అనాలి.

డిమాండ్ ఏమిటో కూడా చెప్తాను. విద్యార్థి సంఘాల మిత్రులు రాసుకోండి.

ఒకటి. ప్రతి ఎస్సీ, ఎస్టీ గురుకులంలో, హాస్టల్లో ఈత నేర్పాలి. ఆడపిల్లల గురుకులాలతో మొదలుపెట్టాలి, ఎందుకంటే మగపిల్లాడు కనీసం కుంటలో దూకుతాడు, ఆడపిల్లకు ఆ కుంట కూడా లేదు. ప్రతి బడికీ కొలను కట్టలేమంటే, జిల్లా కేంద్రాల్లో క్రీడా సంస్థల కొలనులకు వారానికి రెండుసార్లు పంపండి, ఫీజు ప్రభుత్వం కట్టాలి.

రెండు. దీనికి డబ్బు లేదనకండి. 2013లో కొట్లాడి తెచ్చుకున్న సబ్‌ప్లాన్ చట్టం ఉంది. ఆ డబ్బును అందరికీ ఇచ్చే పథకాల ఖాతాలో కలిపి చూపించే లెక్కల మాయ ఆపితే కొలనులూ వస్తాయి, శిక్షకులూ వస్తారు.

మూడు. అవుకులో, గండికోటలో టూరిజం పడవలు తిరుగుతున్నాయి. గండికోట జలాశయం కోసం ఊళ్లు ఖాళీ చేసిన జనం అక్కడే ఉన్నారు. ఆ నీళ్ల మీద శిక్షణా, ఉద్యోగాలూ మొదట ఆ ఊళ్ల పిల్లలకు, వాడల పిల్లలకు ఇవ్వాలి. ఊరు మునిగినవాడు గట్టున సోడాలు అమ్ముకోవడం దగ్గరే ఆగిపోకూడదు.

ఇదంతా అయ్యే పనేనా అంటారా? 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు పదమూడేళ్లు. ఆమెతో ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌కు పదహారు. ఒకరు లంబాడ తండా పిల్ల, ఒకరు ఖమ్మం దళితవాడ పిల్లాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. అప్పుడూ అన్నారు, గురుకులం పిల్లలకు కొండలెందుకు, అన్నం సరిగ్గా పెట్టండి చాలు అని. అన్నమా కొండా అని మన పిల్లలనే ఎందుకు ఎంచుకోమంటారు? మీ పిల్లలకు ఎప్పుడైనా ఆ ప్రశ్న వేశారా?

తమ్ముడూ, నీకు చివరగా ఒక మాట. వాడలో కుళాయి కోసం కొట్లాటలో నీ పక్కన నేనుంటాను, ఇన్నాళ్లూ ఉన్నట్టే. కానీ కుళాయి వచ్చాక మన పని అయిపోయిందని అనుకోవద్దు. బతకడానికి కావలసినన్ని నీళ్లు ఇస్తే దళితుడు నోరు మూసుకోవాలనేది వాళ్ల బేరం. ఆ బేరానికి మనం ఒప్పుకోకూడదు. తాగే నీళ్లూ కావాలి, పారే నీళ్లూ కావాలి, ఆడుకునే నీళ్లూ కావాలి.

విద్యార్థులారా, ఈ సెలవుల్లో నలుగురు కలిసి ఎక్కడికైనా పోండి. సముద్రం దాకా పోలేకపోతే పక్క జిల్లా చెరువు దాకా పోండి. పోయి వచ్చి రాయండి. దానికన్నా ముందు ఈత నేర్చుకోండి. కర్నూల్లో నేర్పేవాళ్లను వెతుకుతున్నాం, పదిమంది పేర్లు ఇప్పటికే వచ్చాయి. మా నలుగురి పేర్లూ అందులో ఉన్నాయి. చేరాలనుకునేవాళ్లు కింద రాయండి.

ఏడో భాగం: కేసీ కాలువ కింద ఎవరి పొలాలు?

జై భీమ్.